తడి మీద పరిచిన గుడ్డ

నాచారంలో ఫైబర్ పని చేసేవాళ్ళలో పోశయ్య చేతికి ఒక పేరుంది. ఆటో టాపులు, బస్సు సీట్లు, నీళ్ళ ట్యాంకులు, ఒకసారి ఎవరిదో ఫంక్షన్ హాలు ముందు పెట్టడానికి నిలువెత్తు ఏనుగు, ఏది చేసినా అతని రోలర్ పోయిన చోట గాలి బుడగ మిగలదని చెప్పుకునేవాళ్ళు. పరంధామయ్య షెడ్డులో పద్దెనిమిదేళ్ళుగా అతనే పెద్ద మేస్త్రి. అందుకే ఆ ఆషాఢంలో కొత్తరకం పని ఒకటి వచ్చినప్పుడు పరంధామయ్య మరొకరి ముఖం చూడలేదు.

పని తెచ్చింది హరిణి. ఉప్పల్లో ఉంటుంది. వాళ్ళ నాన్న విశ్వనాథం గారు అక్కడి సైన్సు సంస్థలో ఉద్యోగి. వైజాగులో చదువుకునే రోజుల్లో ఆ పిల్ల సముద్రంలో పలక మీద నిలబడి అలల వెంట జారడం నేర్చుకుంది. సర్ఫింగ్ అంటారట దాన్ని. ఆమె స్నేహితుడు సన్నీ అక్కడే ఆ ఆట నేర్పే బడి పెట్టాడు. పలకలు బయటి దేశాల నుంచి తెప్పించడం కష్టమై, ఇక్కడే చేయించాలని ఇద్దరూ అనుకున్నారు. ముందు ఒక్కటి. అది పెద్ద అలకు తట్టుకుంటే ఆ తరువాత ఇరవై.

వారం రోజులు హరిణి షెడ్డుకు వచ్చి, ఫోమ్ దిమ్మెను తన చేతులతోనే చెక్కుకుంది. మూతికి గుడ్డ కట్టుకుని, జుట్టు నిండా తెల్లటి పొట్టుతో, అంచులను మాటిమాటికీ కళ్ళు మూసుకుని తడిమి చూసేది. ఆ తడమడం పోశయ్యకు నచ్చింది. చెక్కడం పూర్తయిన రోజు ఆమె దిమ్మెను అతని ముందు పెట్టి, "ఇక మీదే భారం పోశయ్య గారూ" అంది. దాని మీద గాజుపోగుల గుడ్డ పరిచి, జిగురులాంటి రెసిన్ పోసి, రోలర్‌తో అదిమి, రాయిలాంటి చర్మం తొడగడం అతని వంతు.

మంగళవారం రాత్రంతా వాన. బుధవారం పొద్దున షెడ్డు తెరిచేసరికి రేకుల సందులోంచి కారిన నీళ్ళు దిమ్మె వెనక భాగాన మూరెడు మేర నిలిచి ఉన్నాయి. ముందుగా చూసింది రాజ్యం. పరిచిన గుడ్డ గట్టిపడ్డాక ఇసక కాగితంతో రుద్ది నునుపు చేసే పని ఆమెది. నాలుగేళ్ళుగా అదే పని చేసి చేసి వేళ్ళ కొసల్లో గీతలు అరిగిపోయిన మనిషి. భర్త పోయాడు. చిలుకానగర్‌లో అత్త మల్లవ్వతో కలిసి ఒక గదిలో ఉంటుంది.

"అన్నా, నీళ్ళు లోపటికి గుంజుకున్నట్టున్నది. రెండు దినాలు ఆరబెడదాం" అంది.

"శనివారం వైజాగు రైలు. ఆరబెట్టుకుంట కూసుంటె సేటు ఊకుంటడా?"

పోశయ్య నీళ్ళు తుడిచాడు. పెద్ద లైటు తెచ్చి అరగంట వేడి చూపించాడు. అరచేయి ఆనిస్తే పైన పొడిగానే ఉంది. అడుగున మాత్రం కొత్త కుండను తాకినట్టు ఒక చల్లదనం. ఆ చల్లదనం ఏమిటో అతనికి తెలుసు. బయట మళ్ళీ చినుకులు పడుతున్నాయి. ఆ ఏడు బందులు, రాస్తారోకోలు పోగా పని జరిగే రోజులే తక్కువ. గుడ్డ పరిచి, రెసిన్ కలిపి పోశాడు.

గురువారం రాజ్యం రుద్దుతూ రుద్దుతూ ఆగి, వేలి కణుపుతో కొట్టి చూసింది. ఇంకోచోట కొట్టింది. మళ్ళీ మొదటి చోట కొట్టింది.

"అన్నా, జర ఇటు రా. గీడ బోలు సప్పుడొస్తున్నది."

షెడ్డులో అయిదారుగురు ఉన్నారు. అందరూ తలలెత్తారు. పోశయ్యకు చెవుల దగ్గర వేడెక్కింది.

"పద్దెనిమిదేండ్ల సంది చేస్తున్న. ఇయ్యాల నువ్వు నాకు నేర్పుతవా? నీది గీకుడు పని. గీకు."

ఎవరో కిసుక్కున నవ్వారు. రాజ్యం కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని మళ్ళీ వంగింది.

మధ్యాహ్నం అందరూ టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్న వేళ పోశయ్య పలక దగ్గరికి ఒక్కడే వెళ్ళి కొట్టి చూశాడు. అంతటా గట్టి చప్పుడే. వెనక భాగాన మాత్రం కంచమంత మేర డొల్ల. గుడ్డ ఫోమ్‌ను పట్టుకోలేదు. కోసి, ఆరబెట్టి, మళ్ళీ పరచాలంటే నాలుగు రోజులు కావాలి. అంతకన్నా ముందు, ఇందాక నవ్విన వాళ్ళ ఎదుట రాజ్యం చెప్పిందే నిజమని ఒప్పుకోవాలి.

శుక్రవారం అతను ఆ డొల్ల మీదుగా అడ్డంగా జానెడు వెడల్పున నీలిరంగు పట్టీ వేశాడు. పరంధామయ్య చూసి, "శభాష్, షోకుగ ఉన్నది" అన్నాడు.

*

పోశయ్య సముద్రం చూడడం అదే మొదలు. భీమిలి దాటాక రోడ్డు దిగి, తాటితోపులోంచి నడిస్తే, కొండ ఒకటి నీళ్ళలోకి ముక్కులా సాగి ఉంది. ఆ ముక్కు చుట్టూ నల్లటి బండలు. కొన్ని పైకి కనబడుతున్నాయి, కొన్ని అల వెనక్కి తగ్గినప్పుడు మాత్రమే బయటపడి మళ్ళీ మునుగుతున్నాయి. ఎక్కడో నడి సముద్రంలో గాలివాన పట్టిందట, అలలు మనిషెత్తు దాటి వస్తున్నాయి. సన్నీ, అతని దగ్గర నేర్చుకునే నలుగురు కుర్రాళ్ళు కెమెరాలతో బండల మీద నిలబడ్డారు. పరంధామయ్య ప్యాంటు మడుచుకుని దూరంగా నిలబడ్డాడు.

హరిణి చాలాసేపు నీళ్ళలోకి దిగలేదు. గొంతుక్కూర్చుని అలలు లెక్కపెట్టింది. పోశయ్య పక్కన కూర్చున్నాడు.

"ఇసక మీద విరిగే అల ఇవాళ ఇక్కడుంటుంది, రేపు ఇంకోచోట ఉంటుంది" అంది. "ఇది రాతి మీద విరిగే అల. ఎప్పుడొచ్చినా అక్కడే లేస్తుంది, అక్కడే విరుగుతుంది. ఆ పెద్ద బండ కనిపిస్తోంది కదా, దాని పక్క నుంచే లేవాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే అల మనల్ని తీసుకెళ్ళి బండ మీదే పడేస్తుంది. లోతు మోకాళ్ళ దాకా కూడా ఉండదు."

"మరి అంత కష్టమైన చోటెందుకమ్మా? ఆ ఇసక దిక్కు పోవచ్చు గద."

"ఇక్కడ వచ్చేంత పొడుగు అల ఈ తీరంలో ఇంకెక్కడా రాదండీ." ఆమె నవ్వింది. పలకకు బిగించిన తాడును చీలమండకు కట్టుకుంటూ, పలక మీద చెయ్యి వేసి అడిగింది. "బాగా కుదిరింది కదా పోశయ్య గారూ? నమ్ముకోవచ్చా?"

పోశయ్య నాలుక మీద ఒక మాట ఉంది. బండ మీదున్న కుర్రాళ్ళు ఇటే చూస్తున్నారు. పరంధామయ్య చూస్తున్నాడు.

"ఫికర్ చెయ్యకమ్మా" అన్నాడు.

ఆమె బండలకు పక్కగా లోతు ఉన్న చోట దిగి, పలక మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోసుకుంటూ వెళ్ళింది. మధ్యలో ఒకసారి ఆగింది. లేచి కూర్చుని, పలక వెనక భాగాన్ని అరచేత్తో నొక్కి చూసింది. పోశయ్య ఆమె వెనక్కి వచ్చేస్తుందనుకున్నాడు. రావాలని మొక్కుకున్నాడు. ఆమె ఒడ్డు వైపు ఒకసారి చూసి, మళ్ళీ ముందుకే వెళ్ళింది.

మొదటి అల ముక్కు కొసన లేచింది. హరిణి గబగబా నాలుగు బారలు వేసి, ఒక్క ఉదుటున నిలబడింది. వెనకాల అల చీర మడత విప్పినట్టు వరసగా విరుగుతూ వస్తుంటే, విరగని నీటి గోడ మీద ముందుకు ముందుకు జారుతూ, వంగుతూ, లేస్తూ, బండలన్నీ దాటి లోతులోకి వెళ్ళి కూర్చుంది. కుర్రాళ్ళు ఈలలు వేశారు. పోశయ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన చేతిపని నీళ్ళ మీద అలా నడిచిపోతుందని అతను ఏనాడూ అనుకోలేదు. దేవుడు కాపాడాడు, అంతా బాగానే ఉందనుకున్నాడు.

రెండో అల ఇంకా పెద్దది. ఆమె లేచింది. వెనక కాలు మోపి పలకను తిప్పబోయింది. నీలిపట్టీ దగ్గర గుడ్డ పెచ్చులా లేచిపోవడం పోశయ్యకు ఒడ్డు నుంచి కనబడింది. ఆమె కాలు లోపలికి కుంగింది. పలక విరిగింది. అల ఆమె మీదుగా విరిగి, వెనక్కి తగ్గినప్పుడు నల్లబండ మొత్తం బయటపడింది. దాని మీద హరిణి ఒక పక్కకు ఒరిగి ఉంది. ఇంకో అల వచ్చి కప్పేసింది.

సన్నీ, ఇద్దరు కుర్రాళ్ళు దూకి తీసుకొచ్చారు. ఎడమ ముంజేయి ఉండకూడని చోట వంగింది. బండకు అంటుకున్న గుల్లలు గీసుకుపోయి తొడ పొడవునా నెత్తురు. ఆ పిల్ల ఏడవలేదు. పళ్ళు మాత్రం టకటకా కొట్టుకుంటున్నాయి.

పరంధామయ్య విరిగిన ముక్కను తిప్పి తిప్పి చూసి, అందరి ఎదుటా అడిగాడు. "ఏమైంది పోశయ్యా? గిట్లెట్లయింది?"

"గీకుడు ఎక్కువైంది సార్" అన్నాడు పోశయ్య. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో అతనికే తెలియదు. "రాజ్యం గట్టిగ రుద్దింది. గుడ్డ పలచనైంది."

*

మంగళవారం పొద్దున రాజ్యం వచ్చి సంచీ మేకుకు తగిలిస్తుంటే పరంధామయ్య లోపలికి పిలిచాడు. రెండు నిమిషాల్లో బయటికి వచ్చింది. నేరుగా పోశయ్య దగ్గరికి వచ్చి నిలబడింది.

"నావల్ల ఆ పిల్ల చెయ్యి ఇరిగిందంట. నన్ను రావద్దంటున్నడు. నువ్వు చెప్పన్నా. ఆ దినం నేను నీకు చెప్పలే? ఒక్క మాట చెప్పు."

పోశయ్య రెసిన్ డబ్బా మీదికి వంగి ఉన్నాడు. హార్డ్‌నర్ చుక్కలు వేస్తున్నాడు. ఎక్కువైతే కాలిపోతుంది, తక్కువైతే గట్టిపడదు, చూపు తిప్పకూడని పని. చూపు తిప్పలేదు. ఆమె చెప్పులు అతని కళ్ళ ముందు కొంతసేపు కదలకుండా ఉన్నాయి. ఒక చెప్పుకు పిన్నీసు పెట్టి ఉంది. తరువాత ఆ చెప్పులు వెళ్ళిపోయాయి. షెడ్డులో ఎవరూ చేతిలో పని ఆపలేదు.

ఆ వేళ అతను కలిపిన డబ్బా పాడైపోయింది. చుక్కలు ఎన్ని వేశాడో మరిచిపోయాడు.

*

శుక్రవారం హరిణి ఇంటి నుంచి ఫోను వచ్చింది. పలక ముక్కలు చూడాలంటోందట. పరంధామయ్య వాటిని పోశయ్యకిచ్చి ఆటో ఎక్కించాడు.

ఆమె తల్లి తారామణి గారు తలుపు తీసి, కుర్చీ వేసి, టీ ఇచ్చారు. హరిణి చేతికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. ముక్కలను ఒళ్ళో పెట్టించుకుని, మంచి చేత్తో నీలిపట్టీ అంచు పట్టుకుని లాగింది. గుడ్డ చప్పుడు లేకుండా ఊడి వచ్చింది.

"నేనూ తప్పు చేశానండీ" అంది. "లోపలికి వెళ్ళేటప్పుడే తెలిసింది. పొట్ట కింద పొంగిన పూరీలా అణుగుతోంది. అప్పుడే వెనక్కి వచ్చేయాలి. కానీ అంతమంది చూస్తున్నారు. భయపడి వచ్చేసిందంటారని సిగ్గేసింది. అమ్మకు కూడా ఈ సంగతి చెప్పలేదు."

పోశయ్య టీ గ్లాసు పట్టుకుని నేల చూస్తున్నాడు.

"మీ సార్ ఫోన్ చేసి, రుద్దిన ఆవిడది తప్పు, తీసేశామన్నారు. నొప్పిలో ఉన్నాను, సరే అనేశాను. ఇవాళ చూస్తే..." ఊడిన గుడ్డను కిటికీ వెలుగుకు పట్టింది. "రుద్దడం వల్లైతే పలచబడాలి కదా. ఇది ఎక్కడా పలచబడలేదు. అసలు అంటుకోనే లేదు."

ఆమె గొంతులో కోపం లేదు. తెలియనిది అడుగుతున్నట్టే అడిగింది. అబద్ధం ఇంకొకటి చెప్పినా ఆ పిల్ల నమ్మేటట్టే ఉంది. దానికే పోశయ్య తట్టుకోలేకపోయాడు.

"తడి మీద పరిచిన, బిడ్డా" అన్నాడు. "నాకెరుకే. రాజ్యం చెప్పింది, ఇనలే. తర్వాత నేనే కొట్టి చూసిన. ఎరుకుండే రంగేసిన."

తలుపు దగ్గర తారామణి గారు వచ్చి నిలబడ్డారని అతనికి తెలుసు.

"దిగేముందు మిమ్మల్ని అడిగాను" అంది హరిణి.

అంతే అంది. పోశయ్య లేచి నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఆమె గొంతు వినబడింది. "ఆవిడ సంగతి చూడండి ముందు."

*

పోశయ్య నేరుగా పరంధామయ్య ముందుకే వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. పని మానిపిస్తాడనే అనుకున్నాడు. మానిపిస్తే బాగుండుననీ అనుకున్నాడు.

పరంధామయ్య ఫైలు మూసి, కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "నాకు తెల్వదనుకున్నవా? ఆడ బండ మీద ముక్క చూసినప్పుడే తెలిసింది. ముప్పై ఏండ్లాయె ఈ పనిలున్న."

"మరి రాజ్యంను..."

"ఆ సన్నీ ముంగట ఎవల పేరో ఒకటి చెప్పాలె గద. నువ్వే చెప్పినవు. నువ్వు పోతె గుడ్డ పరిచేటోడు నాకు దొరకడు. ఆమె పోతె రేపే ఇంకొకామె వస్తది. పో, పని చూస్కో."

పోశయ్య బయటికి వచ్చాడు. తిట్టు తిననందుకు, చెంపదెబ్బ తిననందుకు ఒళ్ళంతా పాచి పట్టినట్టు అనిపించింది.

*

శనివారం సాయంత్రం చిలుకానగర్ వెళ్ళేసరికి మల్లవ్వ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. "ఎవలు నాయినా?" అంటే పేరు చెప్పాడు. ఆమె చేతులు చాటలోనే ఆగిపోయాయి. "రాజ్యం, నీ కోసమొచ్చిండు" అని లోపలికి కేక వేసి, చాట తీసుకుని అవతలికి జరిగింది.

రాజ్యం బయటికి రాగానే పోశయ్య వంగి కాళ్ళు పట్టుకోబోయాడు. ఆమె చటుక్కున వెనక్కి జరిగింది.

"మొక్కుడొద్దన్నా. మొక్కితె నీ పానం సల్లవడుతది. నాకేమొస్తది?"

"సేటుకు చెప్పిన. హరిణమ్మకు చెప్పిన. తప్పు నాదేనని."

"మరి నన్ను రమ్మన్నడా?"

పోశయ్య తల అడ్డంగా ఊపాడు.

"రమ్మన్నా నేను రాను" అంది. "చర్లపల్లిల బస్సు సీట్లు చేసే షెడ్డుకు పోయిన. ఆడ బిక్షపతి మేస్త్రి. నా పేరు చెప్పంగనే, పిల్ల చెయ్యి ఇరగ్గొట్టింది నువ్వే గదా అన్నడు. మల్లాపూర్ల అడిగిన, ఆడ గూడ గంతే. ఎందుకట్లంటరని అడిగితె, పోశన్న అబద్ధం చెప్పడు అంటున్నరు. నీ మాట నాకన్న ముందు తిరుగుతున్నదన్నా. పోయి దాన్ని ఎనుకకు తెచ్చుకో. ఆ బిక్షపతి ముంగట, అందరినడుమ చెప్పు. నేను గూడ వస్త."

బిక్షపతి పోశయ్య దగ్గరే రోలర్ పట్టుకోవడం నేర్చుకున్నాడు. పెళ్ళిపత్రిక మొదటిది తెచ్చి పోశయ్యకే ఇచ్చినవాడు.

"వస్త" అన్నాడు పోశయ్య.

*

సోమవారం పొద్దున ఇద్దరూ ఒకే బస్సులో వెళ్ళారు. రాజ్యం ఆడవాళ్ళ సీట్లలో ముందు కూర్చుంది. దిగేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

బిక్షపతి గేటు దాకా ఎదురొచ్చాడు. "అన్నా! ఎన్ని దినాలకన్నా!" అని లోపలికి తీసుకెళ్ళి, స్టూలు తుడిచి వేసి, టీకి చెప్పి పంపించాడు. "ఇగో, గీయన్నే నాకు పని నేర్పింది" అని అందరినీ పిలిచి చూపించాడు. ఎనిమిది, తొమ్మిది మంది చుట్టూ చేరారు. రాజ్యం గోడ పక్కన నిలబడింది.

పోశయ్య కూర్చోలేదు. "బిక్షపతీ, రాజ్యం తప్పేం లేదు. ఆ పలక నేను ఖరాబు చేసిన. నేరం ఆమె మీద పెట్టిన" అన్నాడు.

బిక్షపతి ఒక క్షణం చూసి, మెత్తగా నవ్వాడు. "నాకెరుకన్నా నీ గుణం. ఇంట్ల ముసలామె ఉన్నది, మొగడు లేడు, ఆమె ఏడిస్తె నువ్వు చూడలేక వచ్చినవు. ఇంకొగల తప్పు నెత్తినేసుకునేటోనివి." చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. ఒకతను, "పెద్దమనిషి" అన్నాడు.

పోశయ్య ఎంత కష్టమైనా ఒకసారి చెప్పేసి వెళ్ళిపోవచ్చనుకుని వచ్చాడు. చెప్పినా నమ్మరన్నది అతను అనుకోనిది. రాజ్యం వైపు చూశాడు. ఆమె ముఖం పాలిపోయి ఉంది. ఆమె అటునుంచి అటే వెళ్ళిపోయేటట్టు ఉంది.

"కాదు" అన్నాడు. "నేను మంచోన్ని కాదు, ఇను."

వానకు రేకు కారిందని చెప్పాడు. చేతికి చల్లగా తగిలిందని, తెలిసీ పరిచానని చెప్పాడు. బోలు చప్పుడు వస్తోందని ఆమె అంటే, అందరి ముందూ ఆమెను ఏమన్నాడో ఆ మాట అన్నట్టే అని వినిపించాడు. మధ్యాహ్నం ఒక్కడే వెళ్ళి కొట్టి చూసిన సంగతి, రంగు వేసిన సంగతి చెప్పాడు. అక్కడికి బిక్షపతి నవ్వు పోయింది.

"ఆ పిల్ల నీళ్ళల్లకు దిగేముందు అడిగింది, నమ్ముకోవచ్చా అని" అన్నాడు పోశయ్య. "ఫికర్ చెయ్యకమ్మా అని చెప్పిన. బండ మీద పడ్డది. సచ్చిపోయిందనుకున్న. అప్పుడు గూడ నాకు ముందుగాల్ల యాదికొచ్చింది నా పేరే. ఆ పిల్ల కాదు. గందుకే రాజ్యం పేరు చెప్పిన. మంగళవారం నాడు ఆమె నా ముంగట నిలవడి ఒక్క మాట చెప్పమంటె, తలకాయ ఎత్తలేదు."

పెద్దమనిషి అన్నతను పక్కకు చూస్తున్నాడు. టీ తెచ్చినామె గ్లాసు స్టూలు మీద పెట్టి వెళ్ళింది. తాగమని ఎవరూ అనలేదు.

బిక్షపతి రాజ్యం దగ్గరికి వెళ్ళాడు. "ఎన్నేండ్లయింది అక్కా ఈ పని చేయబట్టి?" అని అడిగాడు.

"నాలుగు."

"ఇయ్యాల్నే దిగుతవా? ఆ చివర సీట్లున్నయి. చేతులకు తొడుగులు ఇస్త."

రాజ్యం తలూపి, కొంగు నడుముకు చెక్కుకుని లోపలికి నడిచింది. పోశయ్య పక్క నుంచే వెళ్ళింది. ఆగలేదు. మనుషులు ఒక్కొక్కరే తమ అచ్చుల దగ్గరికి వెళ్ళిపోయారు. బిక్షపతి వీపు తిప్పి డబ్బాలో రెసిన్ పోసుకుంటున్నాడు.

పోశయ్య కాసేపు నిలబడి, గేటు వైపు నడిచాడు.

"గేటు దగ్గరికేసి పో, పోశయ్యా" అన్నాడు బిక్షపతి, తల తిప్పకుండానే.

ఇన్నేళ్ళలో వాడు అతన్ని అన్న అనకుండా పిలవడం అదే మొదటిసారి. పోశయ్య రెండు చేతులతో ఇనపగేటు లాగి, గడియ పెట్టి, బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు.